నా దగ్గర పనిచేసింది సార్

ఇన్‌స్పెక్టరు అదే ప్రదర్శన మూడోసారి పెట్టించాడు. మొదటిసారి విలేకరుల కోసం, రెండోసారి పై అధికారి కోసం, ఈసారి కాకరకాయ కోసం.

కాకరకాయ అనేది ఆ డిటెక్టివుకి పోలీసు ఉద్యోగంలో ఉండగా పడిన పేరు. ఆయన నోరు విప్పితే ఎదుటివాడి మొహం ముడుచుకుపోయేది మరి. ఉద్యోగం వదిలి సొంతంగా కేసులు పట్టడం మొదలుపెట్టాక కూడా ఆ పేరు వెంటే వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఆయన చేతికింద పనిచేసినవాడే. కెమెరా ఎటు ఉంటే అటు తిరగడం తప్ప వాడికి ఇంకో విద్య రాదని, ఆ విద్య మాత్రం తాను నేర్పింది కాదని కాకరకాయ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాడు.

"కొట్టవయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గిడ్డంగి తలుపుల్ని నడిపే ప్రోగ్రాము రాసిన ప్రోగ్రామరు తన లాప్‌టాప్‌లో గది నంబరు నాలుగు అని, ఆక్సిజన్ రెండు శాతం అని కొట్టి, తలుపు తెరిచే మీట నొక్కాడు. తెర మీద ఎర్రగా ఒక ఇంగ్లిషు వాక్యం పడింది. మర్యాదా మన్ననా లేని మొరటు వాక్యం. ఫలానా నియమం తప్పారు, కుదరదు, అని దాని సారాంశం. పక్కన నియమం పేరు, ఏవో అంకెలు.

"చూశారా గురువుగారూ? ఆక్సిజన్ పద్దెనిమిది శాతం దాటితే తప్ప కంప్యూటరు తలుపు తియ్యదు. తలకిందులుగా తపస్సు చేసినా తియ్యదు. ఆ రోజు గదిలో ఉన్నది రెండు. మరి తలుపెలా తెరుచుకుంది? ఎవరో ఎమర్జెన్సీ తాళంచెవితో తీశారు. ఆ చెవి ఉండేది ఈ కంట్రోలు రూములో. అప్పుడు ఈ గదిలో ఉన్నది ఇతగాడొక్కడే."

ఇతగాడు గోడవారగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతులకి బేడీలు. ఈ పండ్ల గిడ్డంగిలో తలుపుల ఆపరేటరు. చచ్చిపోయినవాడు ఇక్కడి మెకానిక్, ఆపరేటరుకి సొంత బావ. చచ్చినవాడి భార్య, చంపాడంటున్నవాడి అక్క, రెండూ ఒకే మనిషి. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కాకరకాయని పిలిపించింది ఆవిడే. "మొగుడు పోయాడు సార్. తమ్ముణ్ణి కూడా తీసుకుపోతే ఇంక నాకెవరున్నారు?" అని ఫోనులో ఒక్క మాట అంది, అంతే. మూడు గంటలకి జీపు ఆపరేటరుని ఎక్కించుకుని కోర్టుకి బయల్దేరుతుంది. అప్పుడే రెండు దాటింది.

ఈ గిడ్డంగిలో ఆపిల్ పండ్లు నెలల తరబడి నిలవుంటాయి. దానికి చల్లదనం ఒక్కటే చాలదు. గదుల్లోంచి ఆక్సిజన్ తీసేసి నైట్రోజన్ నింపుతారు. పండు నిద్రపోతుంది. మనిషి వెళితే మనిషీ నిద్రపోతాడు, కాకపోతే మళ్ళీ లేవడు. వాసన ఉండదు, మంట ఉండదు, రెండు ఊపిర్లు పీల్చేసరికి మోకాళ్ళు జారిపోతాయి. నాలుగో గదిలో ఫ్యాను బాగుచెయ్యడానికి వెళ్ళిన మెకానిక్ గడప దాటిన చోటే పడిపోయాడు.

కాకరకాయ బెంచీ ముందుకి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వేం చేశావో చెప్పు. ఏడుపు తర్వాత."

"బావ ఫోన్ చేసి, నాలుగు తియ్యరా అన్నాడు సార్. గది గాలి మార్చడానికి ముందురోజే మోటార్లు వేశాం. అయిపోయుంటుంది అనుకున్నాం. అవి వేసిన వెంటనే ఆగిపోయాయని మాకు తెలీదు. నేను తెర మీద నాలుగు నొక్కాను. పచ్చ వెలిగింది. గడియ ఊడిన చప్పుడు కూడా వినిపించింది."

"ఆక్సిజన్ ఎంతుందో చూడవా? కళ్ళు తలకి అందం కోసం పెట్టుకున్నావా?"

"అంకె కనపడదు సార్. పాత పద్ధతిలో కనపడేది. నెల కిందట ఈ కొత్తది పెట్టాక పచ్చా ఎరుపూ తప్ప ఇంకేం లేదు. అంకెలు చూస్తే మీరు తికమక పడతారు, అన్నీ కంప్యూటరే చూసుకుంటుంది అన్నారు. చేత్తో పట్టుకునే మీటర్లు కూడా తీసుకెళ్ళి బీరువాలో పెట్టేశారు."

"ఎవరన్నారు?"

ఆపరేటరు ప్రోగ్రామరు వైపు చూశాడు. ప్రోగ్రామరు లాప్‌టాప్ మీద లేని దుమ్ము తుడుచుకున్నాడు.

"పచ్చ వెలిగిందట, పచ్చ!" అని ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "ఆ రోజు నాలుగో గది తెరిచినట్టు కంప్యూటరులో రికార్డే లేదు. పైగా వారం ముందు క్యాంటీనులో నలుగురూ వింటుండగా, నువ్వు చస్తేగానీ నాకు మనశ్శాంతి లేదని ఇతను బావని అన్నాడు. ఇతను డ్యూటీలో నిద్రపోతున్నాడని బావ మేనేజరుకి చెప్పి ప్రమోషను ఊడగొట్టాడు కదా. ఇంకో ముక్క. బావ పడిపోయాక ఇతను పరిగెత్తుకెళ్ళి గడప దగ్గర నిలబడి అరిచాడు తప్ప లోపలికి అడుగు పెట్టలేదు. అరుపులు విని వచ్చిన కూలీ ఫోను కెమెరాలో ఉంది. సొంత బావండీ!"

"పెట్టుంటే నాకు రెండు శవాలు వచ్చేవి," అంది అక్క. గొంతు గట్టిగానే ఉంది. "గాలి సిలిండరు మాస్కు లేకుండా, ఎవరు పడిపోయినా సరే వెనక వెళ్ళొద్దని మా ఆయనే వాడికి నేర్పాడు. వీడు కూడా పోయుంటే మీకు అనుమానం ఉండేది కాదు, అంతేగా ఇన్‌స్పెక్టరు గారూ? ఇక చస్తేగానీ అన్న మాటంటారా, మా ఇంట్లో వారానికోసారి వినపడేదే. మా ఆయన వీణ్ణి ఇంకా పెద్ద మాటలనేవాడు. అని, అన్నం తిన్నావా లేదా అని అడిగేవాడు."

ఇన్‌స్పెక్టరు ఆ మాట వినిపించుకోనట్టు టోపీ సర్దుకున్నాడు. కాకరకాయ లేచాడు.

"ఆ తలుపు చూపించు."

నాలుగో గది తలుపు మనిషికి ఒకటిన్నర ఎత్తు ఇనప తలుపు. అంచుల చుట్టూ రబ్బరు. మధ్యలో కరెంటుతో కదిలే గడియ, దాని కింద ఎమర్జెన్సీ తాళం కన్నం. కన్నం మీద రూపాయి బిళ్ళంత మూత, మూతకి చిన్న మర. కాకరకాయ కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ముక్కు తలుపుకి ఆనేదాకా వంగాడు. గోటితో మూత అంచు గీరాడు. కదల్లేదు. జేబులోంచి చిన్న కత్తి తీసి మర మీద పెట్టాడు. మర గాడి నిండా తెల్ల రంగు గడ్డకట్టి ఉంది.

"ఈ తలుపులకి రంగు ఎప్పుడు వేశారు?"

"పోయిన ఏడాది సార్," అన్నాడు ఆపరేటరు వెనకనించి.

కాకరకాయ నడుం నిమురుకుంటూ లేచి ఇన్‌స్పెక్టరుని దగ్గరికి పిలిచాడు. "ఇలా రా నాయనా. సిగ్గుపడకు, ఇక్కడ కెమెరా లేదులే. ఈ మూత మీదనించి తలుపు మీదకి రంగు ఒకే పొరగా ఉంది. ఎక్కడా చిట్లలేదు. దీన్ని ఏడాదిగా ఎవడూ కదిలించలేదు. మరి నీ హంతకుడు తాళంచెవి ఎక్కడ పెట్టి తిప్పాడు, నీ చెవిలోనా?"

"తీసి మళ్ళీ రంగు వేసుండొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అనేశాక తనకే చప్పగా తోచినట్టుంది, అటూ ఇటూ చూశాడు.

"అవతల బావ పడిపోయి ఉంటే ఇతను బ్రష్షు పట్టుకుని రంగు వేస్తూ కూర్చున్నాడా? అది కూడా కెమెరాలో ఉందా?"

"అయితే ఇంకేదో దారిలో తీశాడు. కంప్యూటరు మాత్రం తియ్యదు. అది నేను నా కళ్ళతో చూశాను."

"నీ కళ్ళు చూసింది లాప్‌టాప్‌ని," అని కాకరకాయ వెనక్కి తిరిగాడు. "పద, అసలుదాన్ని చూద్దాం."

అసలు సంగతి అంతసేపూ గదిలో అందరి ముందూ ఉంది, ఒక్కడూ దాన్ని పట్టించుకోలేదు. లాప్‌టాప్ అనేది ప్రోగ్రామరు తన ఇంట్లో కూర్చుని రాసుకుని పరీక్షించుకునే యంత్రం. ఈ గిడ్డంగి తలుపులు దాని మాట వినవు. అవి వినేది ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ మాట. ఆ సర్వర్‌తో మాట్లాడే తెర ఇక్కడే, ఆపరేటరు బల్ల మీద, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. మూడు ప్రదర్శనల్లో ఒక్కసారి కూడా ప్రోగ్రామరు దాని వైపు తిరగలేదు, ఇన్‌స్పెక్టరు తిరగమనలేదు.

"బస్తా అమ్ముతూ గుప్పెట్లో వేరే బియ్యం చూపిస్తున్నట్టుంది నీ వ్యవహారం," అన్నాడు కాకరకాయ.

"రెండూ ఒకటే సార్," అన్నాడు ప్రోగ్రామరు. ఓపికగా, చిన్నపిల్లవాడికి చెబుతున్నట్టు. "నా దగ్గర రాసి, పరీక్షించి, అదే ఫైలు సర్వర్‌కి ఎక్కిస్తాం. ఒక్క అక్షరం తేడా ఉండదు. మీకు ఈ సాంకేతిక విషయాలు..."

"నాకు తెలియవు. అందుకే అడుగుతున్నాను. దీని మీద చూపించు."

ప్రోగ్రామరు వెనకాడతాడని కాకరకాయ అనుకున్నాడు. వెనకాడలేదు సరికదా, దాని కోసమే ఎదురుచూస్తున్నవాడిలా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ఐదో గది మూసే ఉంది, అందులో ఆక్సిజన్ రెండే. ఐదు నొక్కాడు. తెర ఎర్రబడింది. చక్కటి తెలుగులో ఒక వాక్యం వచ్చింది: "ఈ గదిలో గాలి పీల్చడానికి అనుకూలంగా లేదు. దయచేసి తలుపు తెరవవద్దు. ధన్యవాదాలు."

గడియ కదల్లేదు. ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టాడు.

"ధన్యవాదాలు కూడా చెప్పింది గురువుగారూ! మీకు జీవితంలో ఎవరూ చెప్పి ఉండరు. ఇంక నేను జీపు తీయించనా?"

అక్క గోడకి చేరగిలబడింది. ఆపరేటరు తల వంచుకున్నాడు. కాకరకాయ మాత్రం ఒకసారి లాప్‌టాప్ వైపు, ఒకసారి బల్ల మీది తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. లాప్‌టాప్ మీద ఆ మొరటు ఇంగ్లిషు వాక్యం ఇంకా అలాగే ఉంది.

"ఏమయ్యా, ఇద్దరూ కవలలన్నావు. ఒకడు తిడుతున్నాడు, ఇంకొకడు దండం పెడుతున్నాడు. అదేం?"

"అది... చూసేవాళ్ళ సౌకర్యం కోసం సార్."

"ఒక్క అక్షరం తేడా లేదన్నావు. ఇక్కడ భాషే వేరు." కాకరకాయ ఆపరేటరు వైపు తిరిగాడు. "ఈ దయచేయడాలూ ధన్యవాదాలూ నువ్వెప్పుడన్నా చూశావా?"

"లేదు సార్. ఇదే మొదటిసారి. అసలు ఈ కొత్తది పెట్టిన నెలలో ఒక్కసారి కూడా ఎరుపు చూడలేదు. ఎప్పుడు నొక్కినా పచ్చే. గాలి మార్చాకే నొక్కుతాం కదా, అందుకే అనుకున్నాను."

"విన్నావా?" కాకరకాయ స్టూలు ఈసారి ప్రోగ్రామరు ముందుకి లాక్కున్నాడు. "లాప్‌టాప్‌లో కుదరదన్నది ఎవరు?"

"డేటాబేస్ సార్. అంకెలన్నీ దాచే చోటు. పద్దెనిమిదికి తక్కువైతే రికార్డు తీసుకోవద్దని దానికే నియమం పెట్టాను. అది రికార్డు తీసుకుంటేనే పచ్చ వెలుగుతుంది, గడియ ఊడుతుంది. తీసుకోకపోతే ఏదీ జరగదు."

"మంచిది. ఆ మొరటు ఇంగ్లిషు డేటాబేస్ సొంత గొంతన్నమాట. మరి ఇక్కడ ధన్యవాదాలు చెప్పిన పెద్దమనిషి ఎవరు? డేటాబేస్‌కి తెలుగు వచ్చా?"

ప్రోగ్రామరు దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

"ఆ వాక్యం రాసింది నువ్వు. ఎప్పుడు రాశావు? మెకానిక్ పోకముందా, పోయాకా?"

"నా సాక్షిని బెదిరించకండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నీ సాక్షి కాదు నాయనా, నీ పంతులు. మూడు రోజులుగా వాడు చెప్పిన పాఠం ఒప్పజెబుతున్నావు నువ్వు. కాసేపు నోరు మూసుకుంటే నీకే మంచిది." కాకరకాయ మళ్ళీ ప్రోగ్రామరు వైపు చూశాడు. "నా ఫోనుకి నెలకోసారి కొత్త వెర్షను వచ్చిందని గోల చేస్తుంది. నీ డేటాబేస్‌లకి కూడా ఉంటుందిగా? రెండిటినీ ఒకే ప్రశ్న అడుగు. నువ్వు ఎన్నో వెర్షను అని."

ప్రోగ్రామరు చేతులు బల్ల మీదనించి లేవలేదు. కాకరకాయ తన చేత్తో వాడి చెయ్యి తీసి మీటల మీద పెట్టాడు. లాప్‌టాప్ జవాబిచ్చింది: ఎనిమిది. సర్వర్ జవాబిచ్చింది: ఐదు.



"నా దగ్గర పనిచేసింది సార్," అన్నాడు ప్రోగ్రామరు ఏడుపు గొంతుతో. "నిజంగా పనిచేసింది. నియమం ఎక్కించినప్పుడు రెండూ సరేనన్నాయి. తప్పుందని ఏదీ అనలేదు. పాత వెర్షను అలాంటి నియమం రాసిస్తే తీసుకుంటుంది, సరే అంటుంది, పక్కన పడేస్తుంది. అమలు చెయ్యదు. చెయ్యనని చెప్పదు కూడా. కొత్త వెర్షను మాత్రమే నిజంగా ఆపుతుంది. సర్వర్ మీద ఉన్నది ఆ సర్వర్ కంపెనీవాళ్ళు పెట్టిచ్చింది, పాతదని నేను చూసుకోలేదు."

"తలుపు ఉన్న చోట ఒక్కసారైనా పరీక్షించలేదా?"

"చెడ్డ గాలి ఉన్న గది మీద పరీక్షిస్తే, ఒకవేళ తెరుచుకుంటే పండ్లు పాడైపోతాయన్నారు సార్. ఇంక నా దగ్గర పనిచేసింది కదా అని..."

"పండ్లు పాడవుతాయని మనిషి మీద పరీక్షించావు."

ప్రోగ్రామరు ఏదో అనబోయాడు. కాకరకాయ అననివ్వలేదు.

"కబురు తెలిశాక సర్వర్ తెరిచి చూశావు. ఏముంది అందులో?"

"నాలుగో గది, ఆక్సిజన్ రెండు, తెరవబడింది అని."

"ఏదీ ఆ రికార్డు?"

"తుడిచేశాను."

"ఆ తర్వాత, డేటాబేస్‌ని అడగకముందే ఆపేలా కొత్తగా రాసి, ఈ తెలుగు కాపలాదారుని తలుపు ముందు నిలబెట్టావు. ఎవరైనా అసలుదాని మీద చూపించమంటే ఇబ్బంది ఉండకూడదుగా. అటుపైన లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి, ఈ అమాయకుడి మెడకి ఉరి బిగించావు. తప్పు చేసినవాణ్ణి చాలామందిని చూశాను. తప్పు తెలిశాక కూడా వేళ్ళు వణక్కుండా మూడుసార్లు ప్రదర్శన ఇచ్చినవాణ్ణి నిన్నే చూస్తున్నాను."

అక్క నెమ్మదిగా నడిచి వచ్చి ప్రోగ్రామరు ముందు నిలబడింది. కొడుతుందేమోనని వాడు కుర్చీలో వెనక్కి జరిగాడు. ఆవిడ కొట్టలేదు.

"వీడు జైలుకి పోతాడని తెలిసే చూపించావా?"

"వాళ్ళు అడిగారు, చూపించాను."

"ఛీ," అంది అక్క.

ఇన్‌స్పెక్టరు ఈలోగా కానిస్టేబులుని పిలిచి గుమ్మం తలుపు వేయించాడు. వాడి బాధ బయట తిరుగుతున్న విలేకరుల గురించి. "చూడండి గురువుగారూ, ఇది చాలా సాంకేతికమైన అంశం. ముందు రాతపూర్వకంగా వాంగ్మూలం తీసుకుని, పై అధికారులతో సంప్రదించి, ఆ తర్వాత బేడీల సంగతి..."

"బేడీల చెవి నీ జేబులో ఉంది. దానికి ఏ వెర్షనూ అక్కర్లేదు. తియ్యి."

తీశాడు. ఆపరేటరు మణికట్లు కమిలిపోయి ఉన్నాయి. అక్క వాటిని తన రెండు చేతుల మధ్యా పట్టుకుంది. "నేనే నొక్కానక్కా," అన్నాడు వాడు. "నా చేత్తోనే నొక్కాను." "నువ్వు నొక్కావురా, అది తెరిచింది," అంది అక్క. అప్పుడు మాత్రం ఇద్దరూ ఏడ్చారు. ఆ మూడు రోజుల్లో వాళ్ళు కలిసి ఏడవడం అదే మొదలు.

కాకరకాయ కళ్ళజోడు మడుస్తూ, లేవబోతూ ఆగాడు. ఏదో మిగిలిపోయినట్టు తోచింది.

"ఏమయ్యా, ఈ ప్రోగ్రాము వీళ్ళకొక్కళ్ళకే అమ్మావా?"

ప్రోగ్రామరు లాప్‌టాప్ సంచిలో సర్దుకోబోయాడు.

"నిన్నే!"

"ఇంకో మూడు గిడ్డంగులున్నాయి సార్."

"ఏ సర్వర్ మీద?"

"అదే సర్వర్."

"వాటికి కూడా ఈ కాపలాదారుని పెట్టావుగా?"

ప్రోగ్రామరు నేల చూపులు చూశాడు. "వాటికి పెట్టాలంటే వాళ్ళ అనుమతి కావాలి సార్. ఎందుకని అడుగుతారు. ఈ కేసు సద్దుమణిగాక మెల్లిగా పెడదామని..."

కాకరకాయకి తిట్టు దొరకలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

"ఫోన్ తియ్యి. తియ్యరా ముందు! అందరూ వినేలా పెట్టు."

మొదటి గిడ్డంగిలో ఎత్తారు. ఈ రోజు గదులేవీ తెరవలేదన్నారు, ఇక తెరవబోమని మాటిచ్చారు. రెండోచోట మేనేజరు నాలుగు ప్రశ్నలు వేసి విసుక్కున్నాడు గానీ, పని ఆపించాడు. మూడోచోట ఫోను చాలాసేపు మోగింది. చివరికి ఎవరో ఎత్తారు.

"నమస్కారం సార్, చిన్న సాంకేతిక ఇబ్బంది గురించి మీకు తెలియజేద్దామని..." అని ప్రోగ్రామరు మొదలుపెట్టాడు.

అక్క ఫోను లాక్కుంది.

"అన్నా, నువ్వెవరివో నాకు తెలీదు. గదుల్లోకి మనుషుల్ని పంపకు. పచ్చ వెలిగినా పంపకు. దాని మాట నమ్మొద్దు. నా మొగుడు అలాగే పోయాడు."



"ఇద్దరు ఇప్పుడే వెళ్ళారమ్మా," అంది అవతలి గొంతు. "పచ్చ వెలిగిందిగా. పిలుస్తుంటే పలకట్లేదు. ఏమైందో చూసి రమ్మని మా తమ్ముణ్ణి పంపాను."

"ఆపు!" అని ఆపరేటరు ఫోను మీదకి వంగి అరిచాడు. "మాస్కు లేకుండా వెళ్ళనివ్వకు! నువ్వూ వెళ్ళకు! గడప దాటకుండా పట్టుకుని ఆపు!"

అవతల ఫోను బల్ల మీద పడింది. పరిగెత్తే అడుగుల చప్పుడు. "ఒరేయ్ ఆగరా! లోపలికి పోకురా!" అన్న కేక దూరం అవుతూ వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. అక్క ఫోనుని చెవికి నొక్కి పట్టుకుని, "అన్నా, అన్నా" అని పిలుస్తూనే ఉంది.